గ్రాంటు వచ్చాక మొదలయ్యే పని: మా రీసెర్చ్ సెల్ గురించి

విశాఖలోని ఒక యూనివర్సిటీలో పర్యావరణ రసాయన శాస్త్రం చెబుతాను. మేఘాద్రిగెడ్డ జలాశయం నీళ్లలో, హార్బరు వైపు మడ్డిలో భార లోహాలు ఎంతున్నాయో కొలవడం మా ల్యాబ్ పని. ఈ ఊళ్లో శాంపిళ్లకు కొదవ లేదు, డబ్బుకే కొదవ. ప్రాజెక్టులు వెతకడానికి, రాయడానికి, వచ్చాక నడపడానికి మా దగ్గర ఒక రీసెర్చ్ సెల్ ఉంది. దాని ద్వారా రాసినవాటిలో కొన్ని పోయాయి, కొన్ని వచ్చాయి, వచ్చినవాటిలో కొన్నింటి లెక్కలు ఢిల్లీకి అప్పజెప్పడం కూడా అయింది. ఇన్నేళ్లు వాడాను కాబట్టి రాస్తున్నాను. యూనివర్సిటీ పేరు మాత్రం చెప్పను.

మార్కులు ముందే వేసేస్తా. నిధులు వెతికిపెట్టడంలో ఐదుకు రెండు, ప్రపోజల్ రాయించడంలో మూడు, వచ్చిన డబ్బు సరిగ్గా ఖర్చుపెట్టించి లెక్క తేల్చడంలో నాలుగున్నర. చాలామంది కొత్త అధ్యాపకులు మొదటిదాని కోసమే సెల్ గుమ్మం ఎక్కుతారు. మూడోదాని కోసం ఎక్కండని నా సలహా.

వెతికిపెట్టడం అంటే వారానికో మెయిల్. సైన్సుకు నిధులిచ్చే ఏఎన్‌ఆర్‌ఎఫ్, డీఎస్‌టీ, డీబీటీ, వైద్య పరిశోధనకిచ్చే ఐసీఎంఆర్, సామాజిక శాస్త్రాలకిచ్చే ఐసీఎస్‌ఎస్‌ఆర్, ఎవరు దరఖాస్తులు పిలిచినా అందరికీ ఒకే మూటగా పంపేస్తారు. హిస్టరీ మేడమ్‌కు క్యాన్సర్ కాల్, నాకు జానపద కళల కాల్. ఆయా సంస్థల సైట్లు మనమే చూసుకుంటే అంతకంటే ముందే తెలుస్తుంది. ఒక్క విషయంలో మాత్రం మెచ్చుకోవాలి. 2023 చట్టంతో కేంద్రం పాత నిధుల సంస్థ సెర్బ్ పోయి దాని స్థానంలో ఏఎన్‌ఆర్‌ఎఫ్ వచ్చినప్పుడు, పాత స్టార్టప్ రీసెర్చ్ గ్రాంట్ కోసం కాచుకు కూర్చున్న కుర్ర అధ్యాపకులను పిలిచి, ఇకపై ప్రైమ్ మినిస్టర్ ఎర్లీ కెరీర్ రీసెర్చ్ గ్రాంట్‌కు రాయాలని వివరంగా చెప్పారు. ఏఎన్‌ఆర్‌ఎఫ్‌కు ఐదేళ్లకు 50 వేల కోట్లు అని పేపర్లో చూసి మేమంతా ఉబ్బిపోయి ఉన్నాం. అందులో కేంద్రం పెట్టేది 14 వేల కోట్లేనని, మిగతాది ప్రైవేటు నుంచి, ఇతర చోట్ల నుంచి రావాలని ఆ రోజే మాకు అర్థమైంది.

ప్రైవేటు అంటే విశాఖలో అందరి చూపూ సీఎస్‌ఆర్ మీదే, అంటే కంపెనీలు సామాజిక బాధ్యతగా ఇచ్చే డబ్బు మీదే. గాజువాక నుంచి పరవాడ, అచ్యుతాపురం దాకా ఫ్యాక్టరీలే కదా. కంపెనీల చట్టంలోని ఈ నిబంధన పరిధిలోకి వచ్చే కంపెనీ గత 3 ఏళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చుపెట్టాలి, నిజమే. కానీ యూనివర్సిటీ పరిశోధనకు ఇచ్చే డబ్బు విషయంలో ఆ చట్టం షెడ్యూల్ 7 చెప్పేది ప్రభుత్వ నిధులతో నడిచే యూనివర్సిటీల గురించి. ఈ సంగతి తెలియక ఒక ప్రైవేటు కాలేజీ మిత్రుడు కంపెనీల చుట్టూ చెప్పులు అరగదీశాడు. నా ఇబ్బంది వేరు. ఫ్యాక్టరీ పక్క గెడ్డలో నీళ్లు కొలిచేవాడు ఆ ఫ్యాక్టరీ డబ్బుతోనే కొలవొచ్చా? సెల్‌ను అడిగితే అది మా పరిధి కాదండీ అన్నారు. మరి ఎవరి పరిధో ఇప్పటికీ తేలలేదు.

ప్రపోజల్ రాసేటప్పుడు వాళ్లు సైన్సు జోలికి రారు, రాకపోవడమే మంచిది. భాష దిద్దుతామని తీసుకున్న ప్రతి ప్రపోజల్‌కూ ఒకే ఉపోద్ఘాతం, అవే సుస్థిరాభివృద్ధి లక్ష్యాలు తగిలిస్తారు. నేను వాటిని తీసేసి పంపుతాను. బడ్జెట్ దగ్గర మాత్రం వాళ్లు రాక్షసులు, ఆ రాక్షసత్వం మనకే లాభం. ‘కెమికల్స్ 5 లక్షలు’ అని ఒక్క లైను రాస్తే తిప్పి పంపిస్తారు. ఏ యాసిడ్, ఎన్ని లీటర్లు, లోహాలు కొలిచే ఐసీపీ యంత్రానికి ఏడాదికి ఎన్ని ఆర్గాన్ సిలిండర్లు, ఏ షాపు కొటేషన్, అన్నీ కావాలి. ఇంటి అద్దె భత్యం కోసం కేంద్రం చేసిన వర్గీకరణలో విశాఖ వై తరగతి నగరం కాబట్టి ప్రాజెక్టులో చేరే జేఆర్‌ఎఫ్ పరిశోధక విద్యార్థుల భత్యం ఆ శాతం ప్రకారమే వేయాలి. హైదరాబాద్ మిత్రుడి ఫైలు చూసి కాపీ కొడితే అక్కడే దొరికిపోతాం. 2022 జూలైలో పరిశోధన సంస్థలు 5 శాతమే జీఎస్టీ కడితే చాలన్న రాయితీ తీసేశారు. అప్పటికే బడ్జెట్ మంజూరైనవాళ్లు పరికరాల మీద 18 శాతం కట్టలేక విలవిల్లాడారు. అప్పటి నుంచి పన్నుతో కలిపి కొటేషన్ లేకపోతే మా సెల్ సంతకానికి పంపదు.

ఇక అసలు సంగతి. సెల్‌లో ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఆఫీసరు గారు కాంట్రాక్టు మీద పనిచేస్తున్నారు. మొదటిసారి గ్రాంటు మంజూరైందన్న సాంక్షన్ లెటర్ పట్టుకుని మిఠాయి డబ్బాతో వెళితే ఆయన అన్న మాట: “మాస్టారూ, దీన్ని శుభలేఖలా చూసి మురిసిపోకండి, అప్పుపత్రంలా చదవండి.” కూర్చోబెట్టి చదివించారు కూడా. ఏ హెడ్‌లో (పద్దులో) ఎంత, ఏది ఏటా అయ్యే రికరింగ్ ఖర్చు, ఏది కాదు, ఒక హెడ్ నుంచి ఇంకోదానికి మార్చాలంటే ఎవరి అనుమతి, డబ్బు మీద వచ్చిన వడ్డీ ఎక్కడికి పోవాలి. ఆ వడ్డీ మనది కాదు, భారత సంచిత నిధికి తిరిగి కట్టాలి. ఈ ఒక్క ముక్క తెలియక యూటిలైజేషన్ సర్టిఫికెట్ వెనక్కి వచ్చినవాళ్లు మా బ్లాకులోనే ఉన్నారు. సర్టిఫికెట్ అంటే డబ్బు దేనికి వాడామో చెప్పే పత్రం, జీఎఫ్‌ఆర్ 2017 అనే కేంద్ర ఆర్థిక నియమాల్లో ఉన్న 12-ఏ ఫారం. చూడ్డానికి చిన్న కాగితం. కానీ అది సరిగ్గా వెళ్లకపోతే రెండో ఏడాది వాయిదా రాదు.

ఒకప్పుడు డబ్బు యూనివర్సిటీ ఖాతాలో పడి ఉండేది, ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అనుకునేవాళ్లం. ఇప్పుడు జీరో బ్యాలెన్స్ పద్ధతి. ఖాతాలో డబ్బుండదు, ఇంతవరకు ఖర్చుపెట్టుకోవచ్చనే పరిమితి మాత్రమే కనిపిస్తుంది. వాడనిది మార్చి 31తో వెనక్కి పోతుంది. అందుకే ఆయన దగ్గర ఒకటే రూలు: సంక్రాంతికి ఊళ్లకు వెళ్లేలోపు పర్చేజ్ ఆర్డర్లన్నీ బయటికి వెళ్లిపోవాలి. ఏటా దీపావళి దాటగానే మా ల్యాబ్‌కు ఫోన్ మొదలవుతుంది. మొదట్లో విసుక్కునేవాణ్ణి. పక్క డిపార్ట్‌మెంట్లలో మార్చి నెలాఖరు టెన్షన్ చూశాక ఆ ఫోన్ కోసం నేనే ఎదురుచూస్తున్నాను.

ఫిర్యాదులు లేవా అంటే ఉన్నాయి, అవి ఎక్కువగా సెల్ మీద కాదు, దాని పైవాళ్ల మీద. 2025 జూన్‌లో కేంద్రం శాస్త్ర పరిశోధన కొనుగోళ్లలో కొటేషన్ లేకుండా కొనే పరిమితిని లక్ష నుంచి 2 లక్షలకు పెంచింది. అది మాకు వర్తిస్తుందా లేదా అని తేల్చమంటే ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు తిరుగుతూనే ఉంది. రెండోది ఇంకా బాధ. జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ 2023 నుంచి 37 వేలు. వాయిదా ఆలస్యమైతే ఆ పిల్లలు మద్దిలపాలెంలో గది అద్దె ఎక్కడి నుంచి కడతారు? ప్రాజెక్టుతో పాటు యూనివర్సిటీ ఖర్చులకని వచ్చే ఓవర్‌హెడ్‌లో కొంత పక్కన పెట్టి, వాయిదా వచ్చేదాకా ఫెలోషిప్ సర్దమని అడుగుతున్నాం.  అదేమో సెమినార్ హాలు రంగులకు, ఏసీలకు పోతోంది.

సైన్సు వాళ్లకు పనికొచ్చినంతగా భాషా శాఖలకు, సామాజిక శాస్త్రాలకు ఈ సెల్ పనికిరావడం లేదు. ఐసీఎస్‌ఎస్‌ఆర్ నియమాలు బాగా తెలిసిన మనిషి అక్కడ లేరు. ఆ శాఖల్లో కొత్తగా చేరినవాళ్లు ప్రాజెక్టు పూర్తిచేసిన సీనియర్‌ను పట్టుకోవడమే దారి. సైన్సు, ఇంజినీరింగ్ వాళ్లయితే ప్రపోజల్ పంపకముందు కాదు, సాంక్షన్ లెటర్ వచ్చిన రోజే వెళ్లి ఆ ఆఫీసరు గారి ముందు కూర్చోండి. ఆయన కాంట్రాక్టు వచ్చే జూన్‌తో ముగుస్తుంది. పొడిగించకపోతే ఆ నాలుగున్నర నేను వెనక్కి తీసుకోవాల్సి ఉంటుంది.