రాతినార గనుల దిగువ వంకకు వరద పనులు: చేసిన సంస్థ పనితీరుపై సమీక్ష

పులివెందుల వైపు పాత రాతినార (ఆస్‌బెస్టాస్) గనుల దిగువన ఉన్న మా వంకకు వరద రక్షణ పనులు చేసిన సంస్థ గురించి, ఇలాంటి పని తలపెట్టిన ఇతర ఊళ్ల రైతుల కోసం ఈ సమీక్ష రాస్తున్నాను.

మామూలు వంకకైతే జేసీబీతో పూడిక తీసి, వెడల్పు చేసి, నీళ్లు త్వరగా కిందికి పోయేలా చేస్తే సరిపోతుంది. గని వ్యర్థాలు కలిసిన వంకలో అదే పని చేస్తే అడుగున అణిగి ఉన్న నార కదిలి కింది చేలకూ చెరువుకూ చేరుతుంది. ఈ తేడా ఎరిగిన ఇంజినీర్లు కనుకనే వంకలో దిగకముందు గుట్ట ఎక్కారు. వ్యర్థాల కుప్పలకు పైభాగాన చుట్టుకాలువ తవ్వించి, కొండ మీది మంచి నీళ్లు కుప్పలను తాకకుండా పక్కకు మళ్లించారు.

లెక్క కూడా మా ఎదుటే వేసి చూపించారు. 100 హెక్టార్ల మీద గంటకు 60 మిల్లీమీటర్ల జోరుతో వాన కురిసి, అందులో 0.6 వంతు పారితే, మూడింటినీ గుణించి, కొలతల మార్పు కోసం 360తో భాగించగా సెకనుకు 10 ఘనపు మీటర్లు, అంటే సుమారు 350 క్యూసెక్కులు వస్తుంది. వానలే తక్కువైన మన సీమలో ఇంత నీరెక్కడిదని కొందరు అడిగితే, కట్టను తెంపేది ఏడాది వాన కాదని, ఒక్క గంటలో పడే జోరని చెప్పారు. 2021 నవంబర్ 19న చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయిన జిల్లా వాళ్లం కాబట్టి ఆ మాటకు ఎవరమూ ఎదురు చెప్పలేదు.

కుప్పల అడుగున కట్టిన గేబియన్ గోడ నాణ్యంగా ఉంది. జింకు పూత తీగ వలలో పెద్ద రాళ్లను చేత్తో పేర్చి, సందుల్లో చిన్న రాళ్లు దట్టించారే గాని టిప్పరుతో గుమ్మరించలేదు. వెనుక వడపోత గుడ్డ పరిచారు. అది లేకపోతే నీటితో పాటు సన్నని మట్టీ రాళ్ల సందుల్లోంచి జారిపోతుంది. కుప్పల మీద మట్టి కప్పి నాటిన వట్టివేరు మాత్రం, వేసవిలో నీళ్లు పోసే బాధ్యత ఎవరిదో తేల్చకపోవడంతో చాలావరకు ఎండిపోయింది.

నా గట్టి అభ్యంతరం పూడిక విషయంలో. తడిగా ఉన్నంతసేపు నార మట్టిలో అణిగి ఉంటుంది. ఎండితే గాలికి లేచి ఊపిరితిత్తుల్లో చేరుతుంది, దానివల్ల వచ్చే జబ్బు ఇరవై ముప్పై ఏళ్లకు గాని బయటపడకపోవచ్చు. తడిపి తవ్వాలని, టార్పాలిన్ కప్పిన బండ్లలో తరలించి గుంతలో పూడ్చాలని డిజైనులో స్పష్టంగా ఉన్నా, సబ్ కాంట్రాక్టరు మిట్టమధ్యాహ్నం పొడిగానే తీయించి ఒడ్డున పోయించాడు. కూలీలు ముఖానికి తువ్వాళ్లు చుట్టుకొని ఎత్తారు. అంత సన్నని నారను తువ్వాలు ఆపలేదు. మంచి పూడిక మట్టి అనుకొని చేలోకి తోలుకోబోయిన ఒక రైతును మేమే ఆపవలసి వచ్చింది. ఫిర్యాదు చేశాక ట్యాంకరు తెప్పించి తడిపారు, కుప్పను గుంతలో పూడ్చారు.

డిజైను కోసమైతే ఈ సంస్థను నిస్సందేహంగా పిలవవచ్చు; పేరు కావలసినవారికి విడిగా చెబుతాను. పని కూడా వాళ్లకే అప్పగిస్తే, తడిపి తవ్వడం, కూలీలకు సరైన మాస్కులు ఇవ్వడం, పూడ్చే గుంత ఎక్కడో ముందే చూపించడం అగ్రిమెంటులో రాయించుకోండి. గుంత మీద మంచి మట్టి కప్పేదాకా చివరి బిల్లు చెల్లించకండి.