ఉత్త చుక్కలకూ క్లస్టర్లు దొరికాయి: మూడేళ్లు వాడాక ఇంజెక్షన్ టెస్ట్

గెలాక్సీ క్లస్టర్లను (గెలాక్సీల గుంపులను) వెతికే ప్రోగ్రామ్ ఎన్నింటిని పట్టుకుంటోంది, ఎన్నింటిని వదిలేస్తోంది? ఇది తేల్చడానికి అసలు సర్వే కేటలాగ్‌లోనే కల్పిత క్లస్టర్లు కలిపి చూసే పద్ధతి, అంటే ఇంజెక్షన్ టెస్ట్, నాకు ఎంతో నచ్చింది. ఆకాశమంతా కంప్యూటర్లో పుట్టించే పని లేదు. మాస్కులు (లెక్కలోంచి తీసేసిన ఆకాశ భాగాలు), లోతులో (ఎంత మసక గెలాక్సీల వరకూ కనిపిస్తాయన్న దాంట్లో) హెచ్చుతగ్గులు, బాగా వెలిగే నక్షత్రాల పక్కన పడే చెత్త, అన్నీ అసలువే.

దెబ్బ తగిలింది మ్యాచింగ్ దగ్గర. కలిపిన క్లస్టర్ కేంద్రానికి 5 ఆర్క్‌మినిట్ల (ఆర్క్‌మినిట్ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు) లోపు ఏ డిటెక్షన్ (ప్రోగ్రామ్ క్లస్టర్ అని గుర్తించిన చోటు) ఉన్నా ‘దొరికింది’ అని లెక్కేశాను. రిచ్‌నెస్ (క్లస్టర్లోని గెలాక్సీల సంఖ్య) తగ్గేకొద్దీ కంప్లీట్‌నెస్ (కలిపినవాటిలో దొరికిన వాటా) సున్నాకి దిగాలి కదా, సగం దగ్గరే ఆగిపోయింది. ఒక్క గెలాక్సీ కూడా కలపకుండా ఉత్త చుక్కలు, అంటే ఆకాశంలో ఎక్కడపడితే అక్కడి స్థానాలు, ఇచ్చి చూస్తే వాటిలోనూ దాదాపు సగం దొరికాయి! జాబితాలో చదరపు డిగ్రీకి 30 డిటెక్షన్లుంటే 5 ఆర్క్‌మినిట్ల వృత్తంలో సగటున 0.65 పడతాయి. అంటే కాకతాళీయంగానే 48 శాతం. వృత్తాన్ని 2 ఆర్క్‌మినిట్లకి కుదిస్తే 10 శాతం. అసలు కోణంతో కాకుండా దూరంతో కొలవాలి: 1 మెగాపార్సెక్ (దాదాపు 33 లక్షల కాంతి సంవత్సరాలు) రెడ్‌షిఫ్ట్ (ఎంత దూరంలో ఉందో చెప్పే కొలత) 0.3 దగ్గర 3.7 ఆర్క్‌మినిట్లు, 0.8 దగ్గర 2.2 మాత్రమే. రెడ్‌షిఫ్టులూ కలవాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏమీ కలపకుండా ఒకసారి నడిపి, అప్పటికే ఉన్న డిటెక్షన్లను పక్కన పెట్టేయాలి.

నచ్చిందన్న మాటను ఇప్పుడు కాస్త తగ్గించుకుంటున్నాను. రాత్రిపూట అలిపిరి నుంచి కొండకేసి చూస్తే, ఘాట్ రోడ్డు మలుపుల్లో ఎక్కడెక్కడో ఉన్న బస్సుల లైట్లు ఒకే గుత్తిలా కనిపిస్తాయి. క్లస్టర్ల ముందూ వెనకా ఉండే ఫిలమెంట్లూ (గెలాక్సీలు పేరుకున్న పొడవాటి తీగలూ) అంతే, రిచ్‌నెస్‌ను పెంచి చూపిస్తాయి. కల్పిత క్లస్టర్ని ఎక్కడపడితే అక్కడ పెడితే దాని చుట్టూ ఆ ఫిలమెంట్లు ఉండవు. 2020లో డార్క్ ఎనర్జీ సర్వే క్లస్టర్ల లెక్కలో పదార్థ సాంద్రత (విశ్వంలో పదార్థం వాటా) 0.18కి పడిపోయినప్పుడు అనుమానం వెళ్లింది తక్కువ రిచ్‌నెస్ క్లస్టర్ల మీదికే. అక్కడ ఎన్-బాడీ లైట్‌కోన్ మాక్‌లు (గురుత్వాకర్షణ లెక్కలతో కంప్యూటర్లో పుట్టించే కల్పిత ఆకాశాలు) తప్పవు.

తిరుపతిలో నాకున్నది ఒక్క డెస్క్‌టాప్, పని రిచ్‌నెస్ 30 పైనున్న వాటితోనే, కాబట్టి నాకు ఇది సరిపోతోంది. ఒక రన్‌లో చదరపు డిగ్రీకి ఒకటికి మించి కలపను. ఎక్కువైతే బ్యాక్‌గ్రౌండ్ (క్లస్టర్‌కు చెందని గెలాక్సీల) అంచనాయే మారిపోతుంది.