వంద మీటర్ల టేపు, చివర ఒక పిన్ను: డిప్ మీటర్ మీద నా సమీక్ష

బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కొలిచే ఈ డిప్ మీటర్ కొనొచ్చా అని అడిగేవాళ్లకి ముందే చెప్పేస్తున్నా, కొనొచ్చు. ఒక ప్రాంతం నీళ్లను చూసుకునే బాధ్యత ఎవరి మీద ఉన్నా, ప్రభుత్వ శాఖైనా రైతుల సంఘమైనా, మొదట చేతికి రావాల్సిన పరికరం ఇదే. తమంతట తామే మట్టం రాసుకునే లాగర్లు, మోడలింగ్ సాఫ్ట్‌వేర్లు, గోడకి తగిలించే రంగుల మ్యాపులు అన్నీ దీని తర్వాతే. కాకపోతే కరపత్రంలో రాసినంత సాఫీగా బావి దగ్గర పని జరగదు. పరిశీలక బావుల్లో నీటిమట్టం కొలవడమే నా ఉద్యోగం కాబట్టి అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని నాకు తెలుసు.

వస్తువు చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండదు. ఒక రీలు, దానికి చుట్టిన పసుపు ప్లాస్టిక్ టేపు, టేపు అంచుల్లో పొడవునా రెండు సన్నటి స్టీలు తీగలు, చివర వేలెడు లావు ప్రోబు. ప్రోబు లోపల ఒక పిన్ను ఉంటుంది. అది నీటిని తాకగానే సర్క్యూట్ పూర్తయి రీలు మీద బజరు మోగుతుంది, లైటు వెలుగుతుంది. 9 వోల్టుల బ్యాటరీ ఒకటి వేస్తే నెలల తరబడి నడుస్తుంది. పాడవడానికి అందులో పెద్దగా ఏమీ లేకపోవడమే దాని గొప్పతనం.

నేను వాడేది వంద మీటర్ల టేపు. 30 మీటర్ల నుంచి 300 మీటర్ల దాకా దొరుకుతాయి. పొడవు పెరిగేకొద్దీ రీలు బరువెక్కి, పొలం గట్ల మీద మోసుకు తిరిగేవాడి భుజం పీకేస్తుంది. మీ బావుల్లో అన్నిటికంటే లోతైన మట్టం ఎంతో కనుక్కుని, దాని మీద ధారాళంగా కలుపుకుని కొనండి. మట్టాలు ఎటు వెళ్తున్నాయో మీకూ తెలుసు.

టేపు మీద మిల్లీమీటరు గీతలున్నాయని కరపత్రాల్లో తెగ చెప్తారు. ఆ గీతలు చూసి మురిసిపోకండి. టేపు బరువుకి కాస్త సాగుతుంది, వంకర బోరులో గోడలకి ఆనుకుని దిగుతుంది, బజరు మోగిన క్షణానికీ వేలు టేపుని పట్టుకున్న క్షణానికీ తేడా ఉంటుంది. రెండుసార్లు కొలిచి రెండూ సెంటీమీటరు లోపు కలిస్తే మంచి కొలత. కలవకపోతే పక్కన ఎక్కడో మోటారు నడుస్తోందని అర్థం. అప్పుడు టేపుని తిట్టకుండా చుట్టూ చూడాలి.

నాబ్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. సున్నితత్వం పెంచే తగ్గించే ఆ చిన్న నాబ్ మీదే సగం పని ఆధారపడి ఉంది. లవణాలు బాగా తక్కువున్న నీటిలో కరెంటు సరిగా పారదు, నాబ్ పెంచకపోతే ప్రోబు నీళ్లలో మునిగినా బజరు మూగగానే ఉంటుంది. ఉప్పునీటిలో దీనికి తలకిందులు, పైకి లాగాక కూడా ప్రోబుకి అంటిన చుక్కకే మోగుతూనే ఉంటుంది. బోరు కూలకుండా దించిన కేసింగ్ పైపు లోపలి గోడకి పట్టిన తేమకీ, పై పొరలోంచి జారే ఊటకీ కూడా మోగుతుంది. కొత్తవాళ్లు మొదటి బీప్‌నే రాసేస్తారు. అసలు మట్టం ఇంకా చాలా కిందుంటుంది. నిజమైన నీటి దగ్గర బీప్ ఒక్కసారిగా, తెగినట్టు వస్తుంది. ప్రోబుని పైకి కిందికి కదిపితే ప్రతిసారీ అదే గీత దగ్గర మోగుతుంది. దొంగ బీప్ తడబడుతుంది.

ఇక మోటారు ఉన్న బోరు. డెలివరీ పైపు, కేబులు, తాడు అన్నీ దిగి ఉన్న గొట్టంలోకి ఈ టేపుని వదలడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. ప్రోబు కేబులుకి చుట్టుకుంటే గట్టిగా లాగకూడదు. కాస్త వదులు చేసి, తిప్పుతూ, ఓపిగ్గా పైకి తేవాలి. మోటారు దించేటప్పుడే దానితోపాటు అంగుళం సన్నపైపు ఒకటి కొలత కోసం దించేస్తే ఈ బాధ ఉండదు. బోరు వేసేవాళ్లని ఆ ఒక్క పైపు అడగండి, పిసినారితనం చూపిస్తే గొడవ పడండి.

మోటారు కందెన నూనె నీటి మీద తెట్టులా పేరుకున్న బావుల్లో ఇది పనికిరాదు. నూనె పిన్నుని కప్పేస్తుంది, బజరు ఆలస్యంగా మోగుతుంది లేదా మోగదు. నూనెనీ నీటినీ వేరుగా గుర్తించే ప్రోబులు వేరే ఉన్నాయి. ఒక బావి నుంచి ఇంకో బావికి వెళ్లేముందు ప్రోబునీ, తడిసిన టేపునీ పలుచటి క్లోరిన్ నీళ్లతో తుడిచి, మంచినీళ్లతో కడగడం కూడా మరవకండి. లేదంటే ఇనుము తినే బ్యాక్టీరియాని ఊరూరా పంచిపెట్టే వాహనం మీరే అవుతారు.

సర్వీసు గురించి నా అనుభవం అంత తియ్యగా లేదు. ప్రోబు మార్చమని పంపిస్తే మార్చారు. కొత్త ప్రోబులో పిన్ను ఉన్న చోటు పాతదానికి భిన్నం, అంటే టేపు సున్నా జరిగిపోయింది. ఆ సంగతి రసీదులో లేదు, ఫోనులోనూ చెప్పలేదు. సుద్ద పూసి వాడే పాత స్టీలు టేపు నా దగ్గరుంది, ఏ రిపేరు తర్వాతైనా దానితో సరిచూస్తాను కాబట్టి దొరికింది. టేపు తెగి అతికించినప్పుడూ ఇదే ప్రమాదం. సరిచూడకుండా వదిలేస్తే కొన్నేళ్ల తర్వాత ఆ గ్రాఫు చూసేవాడు ఆ నెలలో భూగర్భ జలాలు హఠాత్తుగా పెరిగాయనుకుని కారణాలు వెతుక్కుంటాడు.

అసలు ఈ పరికరంతో వచ్చే అంకె ఒక్కటే ఉంటే దానికి విలువ లేదు. ఎక్కణ్ణుంచి కొలిచారు? కేసింగ్ పైపు అంచు మీద రంగుతో ఒక గుర్తు ఉండాలి, ప్రతిసారీ అక్కణ్ణుంచే కొలవాలి. ఆ అంచు నేల మీంచి ఎంత ఎత్తులో ఉందో, సముద్రమట్టం నుంచి ఎంతో నమోదై ఉండాలి. మోటారు ఆపి ఎంతసేపైంది, ఏ పొర నీళ్లు ఈ బోరులోకి వస్తున్నాయి, ఇవి కూడా రాసుండాలి. పుస్తకంలో ఈ గడులు ఖాళీగా ఉంచి, మిల్లీమీటరు దాకా అంకెలు రాసినవాళ్లని చూశాను.

మట్టం ఒక మీటరు పడిపోయింది అనగానే గుండెలు బాదుకునేవాళ్లూ, ఒక మీటరేగా అని తేలిగ్గా తీసేవాళ్లూ ఇద్దరూ ఒకటే అడగడం మరిచిపోతారు, కింద ఉన్నది ఏ నేల? ముతక ఇసుక పొరలో నూటికి ఇరవై వంతుల దాకా నీరు జారిపోగలదు, అంటే మీటరు పడితే సుమారు 200 మిల్లీమీటర్ల నీరు పోయినట్టు. శిథిలమైన గ్రానైటులో అది నూటికి రెండు వంతులే అనుకుంటే, అదే మీటరుకి పోయింది 20 మిల్లీమీటర్లు. రాతినేలల్లో ఒక మంచి వానకి మట్టం ఎగిసిపడటం, ఆ తర్వాత నాలుగు మోటార్లు నడవగానే కూలిపోవడం అందుకే. ఇక పైనా కిందా బంకమన్ను మూసిన పొరలో మట్టం పదిమీటర్లు ఊగినా నిల్వలో మార్పు కొంచెమే ఉంటుంది. అక్కడ మనం కొలిచేది ఒత్తిడిని. టేపు ఈ తేడా చెప్పదు, మూడింటికీ ఒకే బీప్ కొడుతుంది.

నది పక్కన పెట్టిన పరిశీలక బావి నాకు అన్నిటికంటే ఇష్టం. నదిలో మట్టం చూపే గీతల పలక (స్టాఫ్ గేజీ), గట్టు మీద బావి, రెండిటి ఎత్తులూ ఒకే సర్వేతో కట్టి ఉంటే చాలు. బావి మట్టం నది మట్టం కంటే పైనుంటే భూమి నదికి నీళ్లిస్తోంది. కిందుంటే నది భూమిలోకి ఇంకిపోతోంది. వానలు ఆగాక కూడా వాగులో పారే నీరు చాలావరకు భూగర్భం నుంచి వచ్చేదే. కాలువ లెక్కలు ఒక ఆఫీసులో, బోర్ల లెక్కలు ఇంకో ఆఫీసులో పెట్టుకుని విడివిడిగా పంచుతుంటే ఒకే నీటిని రెండుసార్లు పంచేసినట్టవుతుంది. అమెరికా భూగర్భజల శాస్త్రవేత్త సి. వి. థీస్ 1940లోనే ఈ సంగతి సూటిగా రాశాడు. బావిలోంచి తోడిన నీరు నిల్వలోంచైనా తగ్గాలి, నదికో ఊటకో చేరే ప్రవాహంలోంచైనా తగ్గాలి, లేదంటే ఆ మేరకు రీఛార్జ్, అంటే భూమిలోకి ఇంకే నీరు, పెరగాలి. నాలుగో చోటు లేదు. బోరు నదికి దూరంగా ఉంటే ప్రభావం ఆలస్యంగా వస్తుంది, అందుకే ఎవరి మీదా నేరం పడదు.

తీరప్రాంతాల వాళ్లు మాత్రం ఉత్త డిప్ మీటర్‌తో ఆగకండి, నీటిలో ఉప్పు పెరిగేకొద్దీ పెరిగే విద్యుత్ వాహకతని కూడా కొలిచే ప్రోబు కొనండి. మంచినీటికీ సముద్రపు నీటికీ సాంద్రతలో ఉన్న చిన్న తేడా వల్ల, సముద్రమట్టం కంటే మీటరు ఎత్తున నిలిచిన మంచినీటి కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీరు ఉంటుందని ఘైబెన్, హెర్జ్‌బర్గ్ అనే ఇద్దరు పరిశోధకుల లెక్క. తిరగేసి చూడండి. పైన మీటరు పోగొట్టుకుంటే, కింద ఉప్పు సరిహద్దు కాలక్రమంలో 40 మీటర్లు పైకి జరిగే వీలుంది. బావి అడుగున వాహకత పెరగడం మొదలైందంటే పైన నీళ్లు ఇంకా తియ్యగా ఉన్నా ఉప్పు బయల్దేరిందన్నమాట.

ఇప్పుడు లాగర్ల సంగతి. గంటగంటకీ తనంతట తానే మట్టం రాసుకునే లాగరు ఉండగా ఈ టేపెందుకని అడుగుతారు. లాగరు మంచిదే, నా నెట్‌వర్కులో ఉన్నాయి. కానీ మూసి ఉండే రకం లాగరు కొలిచేది నీటి ఒత్తిడి మీద గాలి ఒత్తిడిని కూడా కలిపి. గాలి ఒత్తిడిలో 1 హెక్టోపాస్కల్ తేడా సుమారు ఒక సెంటీమీటరు నీటితో సమానం. తీవ్ర తుపాను వచ్చి ఒత్తిడి 30 హెక్టోపాస్కల్స్ పడిపోతే, బావిలో నీరు కదలకపోయినా లాగరు 30 సెంటీమీటర్లు తగ్గినట్టు రాస్తుంది. అందుకే పైన ఇంకో బారోమీటరు లాగరు పెట్టి తీసివేత చెయ్యాలి. గాలి గొట్టం ఉన్న రకంలో ఆ బెడద లేదు కానీ, తేమ పీల్చే గుళికలు చచ్చుబడితే గొట్టంలో నీరు చేరి అదీ అబద్ధమే చెప్తుంది. పైగా ఏ సెన్సరైనా ఏళ్ల మీద మెల్లగా జరుగుతుంది. దాన్ని పట్టుకునేది మళ్లీ ఈ టేపే. లాగరు పెట్టి టేపు మానేసిన ఆఫీసు డేటాని నేను నమ్మను.

ఉపగ్రహాల గురించీ ఒక మాట. 2002లో ఎగిరిన గ్రేస్ జంట ఉపగ్రహాలు, సుమారు 220 కిలోమీటర్ల ఎడంలో ఒకదాని వెంట ఒకటి తిరుగుతూ, గురుత్వాకర్షణలో మార్పుని బట్టి నేల మీదా కిందా ఉన్న మొత్తం నీటి హెచ్చుతగ్గులు పసిగట్టాయి. 2018 నుంచి వాటి వారసులు ఆ పని చేస్తున్నాయి. అద్భుతమే. కానీ వాటి చూపు వందల కిలోమీటర్ల వెడల్పు. రాష్ట్రమంత మేర నీరు తగ్గుతోందని చెప్పగలవు, ఏ వాగు పరీవాహకంలో ఏ పొర ఎండిపోతోందో చెప్పలేవు. అది చెప్పాలంటే ఎవరో ఒకరు రీలు మోసుకుని వెళ్లాలి.

ఆ ఎవరో ఒకరు ఇంజనీరే కానక్కర్లేదు. 2003లో ఆంధ్రప్రదేశ్‌లో కరువు జిల్లాల్లో మొదలైన రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టులో, రైతులే ఇలాంటి మీటర్లతో మట్టాలు కొలిచి, వాన లెక్కలు రాసుకుని, రబీ ముందు కూర్చుని ఏ పంటకి ఎన్ని నీళ్లో బేరీజు వేసుకునేవారు. కాలిఫోర్నియా 2014లో తెచ్చిన భూగర్భజలాల చట్టం కూడా చివరికి ఈ టేపు మీదే ఆగింది. అక్కడ స్థానిక సంస్థలు ఎంచుకున్న పరిశీలక బావులకి కనీస మట్టం ఎంతో నిర్ణయించుకోవాలి, దాని కిందికి పోకుండా చూసుకోవాలి. అదే రాష్ట్రంలో శాన్ వాకీన్ లోయలో 1925 నుంచి 1977 దాకా నీరు తోడగా తోడగా నేల దాదాపు 9 మీటర్లు కుంగింది. బంకమన్ను పొరలు అలా నొక్కుకుపోతే మళ్లీ నీళ్లు పోసినా పూర్తిగా లేవవు. అలాంటిచోట టేపు చూపించే మట్టం తర్వాత కోలుకున్నా మురిసిపోవడానికి లేదు, నిల్వ ఉండే జాగానే తగ్గిపోయి ఉంటుంది.

మార్కులు వెయ్యమంటే కొలతకి నిండుగా వేస్తాను, నాబ్ మీద వివరణకి సున్నా, సర్వీసుకి పాస్ మార్కులు. రీలు పిడి మీద పూత నాసిరకం, ఎండలో మెత్తబడి చేతికి అంటుతోంది. గుడ్డ చుట్టుకున్నాను. కొనేటప్పుడు విడిగా ఒక ప్రోబు, రెండు బ్యాటరీలు, సరిచూసుకోవడానికి స్టీలు టేపు ఒకటి తీసుకోండి. సున్నా ఎక్కడుందో, పిన్ను దగ్గరా ప్రోబు అడుగునా అన్నది అమ్మేవాళ్ల చేత బిల్లు మీద రాయించుకోండి.