రసి కారే గాయానికి హైడ్రోకొల్లాయిడ్ పట్టీ: దేనికి పనికొస్తుంది, దేనికి వద్దు

మోకాలు గీరుకుపోయిన కాసేపటికి పైన లేత పసుపు నీరు ఊరుతుంది. అదే రసి. దెబ్బ తగిలిన చోట సన్నటి రక్తనాళాల గోడలు వదులై, నెత్తుట్లోని నీరు, ప్రొటీన్లు, తెల్లకణాలు బయటికి వస్తాయి. గాయం మానడానికి ఇవి కావాలి. దూదితో అద్ది ఎండబెడితే పక్కు కడుతుంది, దాని కింద కొత్త చర్మం పాకడం ఆలస్యమవుతుంది. 1962లో జార్జ్ వింటర్ పందుల మీద చేసిన పరిశోధనలో, తడి ఆరకుండా కప్పిన గాయాల మీద పైచర్మం దాదాపు రెండింతలు త్వరగా పరుచుకుంది.

హైడ్రోకొల్లాయిడ్ పట్టీ చేసే పని కూడా ఆ తడిని నిలపడమే. లోపలి పొరలో కార్బాక్సీమిథైల్ సెల్యులోజ్, జెలటిన్, పెక్టిన్ ఉంటాయి. పైన నీళ్లు దిగని పాలీయురేథేన్ పొర. జెలటిన్ జంతువుల నుంచి తీసేది, పట్టింపు ఉన్నవాళ్లు పెట్టె మీద చదివి కొనండి.

గాయాన్ని సెలైన్‌తో గానీ మంచి నీళ్లతో గానీ కడిగి, చుట్టూ చర్మాన్ని పొడిగా తుడవండి. నూనె, ఆయింట్‌మెంట్ ఉంటే పట్టీ అంటుకోదు. గాయం అంచు దాటి అన్నివైపులా 2-3 సెం.మీ. వచ్చేలా కత్తిరించి, మూలల్ని గుండ్రం చేయండి, లేకపోతే బట్టలకు తగిలి లేస్తాయి. అతికించాక అరచేత్తో నిమిషం సేపు అదిమి పట్టండి, వేడికి బాగా పట్టుకుంటుంది.

ఎక్కువమంది పొరపడేది రెండో రోజు. పట్టీ మధ్యలో పసుపుగా, ముద్దగా ఉబ్బుతుంది, తీస్తే కాస్త వాసన కూడా వస్తుంది. చూసినవాళ్లు చీము అనుకుని పీకేస్తారు. అది రసిని పీల్చుకుని జెల్లీ అయిన పట్టీ పదార్థం. సెలైన్‌తో కడిగితే పోతుంది, కింద గులాబీ రంగు కండ కనబడుతుంది. కడిగినా చిక్కగా ఊరుతూ, చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, నొప్పి పెరుగుతుంటే మాత్రం చీము పట్టినట్టే. మళ్లీ పట్టీ వేయకండి, డాక్టర్‌కి చూపించండి.

అంచు లేవనంతవరకు, పక్కలనుంచి కారనంతవరకు 3 నుంచి 7 రోజులు ఉంచొచ్చు. రోజూ మారిస్తే అప్పుడే పరుచుకున్న చర్మం ఊడొస్తుంది. తీసేటప్పుడు పైకి లాగొద్దు, చర్మానికి సమాంతరంగా సాగదీయండి, దానంతట అదే వదులుతుంది.

గీరుకుపోయిన గాయాలకు, పగిలిన బొబ్బలకు మా మొదటి ఎంపిక ఇదే. రసి ధారగా కారే పుండుకు చాలదు: చుట్టూ చర్మం నీళ్లలో నానిన వేలిలా తెల్లబడి మెత్తబడుతుంది. దానికి రసిని ఇంకా ఎక్కువగా పీల్చే ఫోమ్ పట్టీ గానీ కాల్షియం ఆల్జినేట్ పట్టీ గానీ కావాలి. షుగర్ ఉన్నవాళ్ల కాలి పుండుకు సొంతంగా వేయకండి. పట్టీ చాటున చీము పట్టినా తెలియదు, పాదంలో స్పర్శ తగ్గితే నొప్పి కూడా చెప్పదు.