పికప్ బండికి మార్పులు చేయించాలా, ఉన్నదాన్ని బాగు చేయించుకోవాలా: తక్కువ డబ్బులో ఏది మేలు?

ముందు చక్రం వెనక టార్చి వేసి చూస్తే రిమ్ము లోపలి వైపంతా నల్లటి గ్రీజు చిమ్మి ఉంది. యాక్సిల్ చివర జాయింటును కప్పి ఉంచే రబ్బరు బూటు ఒక మడత దగ్గర చిరిగిపోయింది. చక్రం తిరిగినప్పుడల్లా గ్రీజు బయటికి, దుమ్ము లోపలికి. అప్పటికి పద్నాలుగు నెలల ముందు ఆ పికప్‌ను రెండు అంగుళాలు ఎత్తు చేయించాను. స్ప్రింగుల మీద స్పేసర్లు, అంటే ఎత్తు పెంచే దిమ్మెలు, పెట్టించడమే కాబట్టి చవకలో అయిపోయిందని సంబరపడ్డాను. ఆ తర్వాత జాయింట్లకు, అలైన్‌మెంట్‌కు, ఒక పక్కే అరిగిపోయిన టైర్లకు కలిపి అయిన ఖర్చు ఆ స్పేసర్ల ఖర్చుకు మూడింతలు దాటింది.

అందుకే ఎవరైనా "బండికి ఏదైనా చేయిద్దామనుకుంటున్నా, బడ్జెట్ తక్కువ" అన్నప్పుడు నేను వెంటనే అవుననలేను, కాదనలేను. ముందున్న దారులు మూడు. కోరుకున్న మార్పులు చేయించడం ఒకటి. కంపెనీ నుంచి వచ్చినట్టే ఉంచి, ఆ డబ్బుతో బండిని మంచి కండిషన్‌లోకి తేవడం రెండోది. అమ్మేసి మన పనికి సరిపోయే వేరే బండి చూసుకోవడం మూడోది. డబ్బు బిగుతుగా ఉన్నవాళ్లలో ఎక్కువ మందికి రెండోదే మేలని నా గట్టి అభిప్రాయం. మిగతా రెండూ సరైన దారులయ్యే సందర్భాలు కూడా ఉన్నాయి, అవీ చెబుతాను.

ఎత్తు పెంచితే నిజంగా ఏం పెరుగుతుంది?

ఎక్కువ మంది మొదట అడిగేది ఎత్తు, పెద్ద టైర్లు. ఇక్కడ ఒక చిన్న విషయం చాలామంది గమనించరు. చాలా పికప్‌లకు వెనకాల రెండు చక్రాలనూ కలుపుతూ అడ్డంగా ఒకటే ఇనుప యాక్సిల్ ఉంటుంది, దాని మధ్యలో గుండ్రంగా డిఫరెన్షియల్, అంటే రెండు చక్రాలకూ శక్తిని పంచే గేర్ల డబ్బా, వేలాడుతుంది. రాయికి ముందు తగిలేది అదే. సస్పెన్షన్ ఎత్తు పెంచితే ఛాసిస్, బాడీ పైకి లేస్తాయి కానీ ఆ డిఫరెన్షియల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే.

టైరు ఎంత లేపుతుందో లెక్క వేద్దాం. 245/70 ఆర్ 16 టైరు వ్యాసం దాదాపు 749 మి.మీ. దాని బదులు 265/75 ఆర్ 16 వేస్తే 804 మి.మీ. తేడా 55 మి.మీ. అయినా నేల నుంచి పెరిగే ఎత్తు అందులో సగం, అంటే 27 మి.మీ. బొటనవేలు వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. దానికి బదులు ఇచ్చేది ఏమిటంటే, చక్రం ఒక్క చుట్టులో 7 శాతం ఎక్కువ దూరం వెళుతుంది. మీటరు ఇదివరకు సరిగ్గా చూపించేదనుకుంటే, ఇప్పుడు 100 చూపిస్తున్నప్పుడు అసలు వేగం 107. లాగే శక్తి కూడా చక్రం దగ్గర ఆ మేరకు తగ్గుతుంది. బరువుతో ఎత్తు ఎక్కుతుంటే ఆ తేడా కాలికి తెలుస్తుంది, ఇదివరకు మూడో గేరులో వెళ్లిన చోట రెండోది వేయాల్సి వస్తుంది. బ్రేకులకూ పని పెరుగుతుంది.

ఖర్చు నాలుగు టైర్లతో ఆగదు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. ఫోర్ వీల్ డ్రైవ్ వేసుకుని, ముందు, వెనక యాక్సిళ్లు వేర్వేరు వేగంతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ లేని బండిని ఒక చక్రానికి వేరే సైజు టైరుతో గట్టి నేల మీద నడిపితే, ఇంజిన్ శక్తిని ముందుకీ వెనక్కీ పంచే ట్రాన్స్‌ఫర్ కేసు బిగుసుకుని దెబ్బతింటుంది. కాబట్టి టైర్లు ఐదు. పెద్ద స్టెప్నీ తొట్టి కింద పాత చోట పట్టకపోతే దానికి ఇంకో స్టాండు. స్టీరింగ్ పూర్తిగా తిప్పితే టైరు లోపలి ప్లాస్టిక్‌కు రాసుకుంటే అక్కడ ఇంకో పని. ఇలా తడిసి మోపెడవుతుంది.

సస్పెన్షన్ ఎత్తుదీ అదే వరస. ముందు యాక్సిల్ వాలు పెరుగుతుంది, రబ్బరు బూటు మడతలు ఒకదానికొకటి ఒరుసుకుంటాయి. చక్రాల కోణాలు మారతాయి కాబట్టి అలైన్‌మెంట్ తప్పదు, కొన్ని బండ్లలో చక్రాన్ని పట్టి ఉంచే పాత సస్పెన్షన్ ఆర్మ్‌లతో అది సరిగ్గా కూర్చోదు కూడా. హెడ్‌లైట్లు ఎదుటివాళ్ల కళ్లలోకి లేస్తాయి, దించి సరిచేయాలి. కెమెరా, రాడార్ చూసి దానంతటదే బ్రేకు వేసే కొత్త బండ్లలో వాటిని మళ్లీ కాలిబ్రేట్ చేయించాలి. పాత పికప్‌లలో కొన్నిటికి వెనక యాక్సిల్‌కు ఒక చిన్న కడ్డీతో తగిలించిన బ్రేకు వాల్వు ఉంటుంది. వెనక బరువు దిగితే ఛాసిస్‌కు, యాక్సిల్‌కు మధ్య దూరం తగ్గుతుంది, దాన్ని బట్టి ఆ వాల్వు వెనక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపిస్తుంది. ఎత్తు పెంచి ఆ కడ్డీని సర్దకపోతే, తొట్టి నిండా సరుకు ఉన్నా వాల్వు మాత్రం ఖాళీగా ఉందనుకుంటుంది. వెనక బ్రేకు బలం తగ్గిపోతుంది. చవకగా చేసే చోట ఈ సంగతి ఎవరూ చెప్పరు. నాకూ చెప్పలేదు.

బరువు లెక్క

నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. పికప్ మోయగలిగే బరువు అంటే గరిష్ఠ అనుమతి బరువులోంచి ఖాళీ బండి బరువు తీసేయగా మిగిలేది. ఊహకు ఒక బండి అనుకుందాం: గరిష్ఠం 2,950 కిలోలు, ఖాళీ బరువు 1,950. మిగిలింది వెయ్యి కిలోలు. నలుగురు ఎక్కితే 300 పోయాయి. ఇక ముందు ఇనుప బంపర్ 60, ఇరుక్కున్న బండిని తీగతో లాగే వించ్ 35, తొట్టి మీద టాపు 70, పైన ఇనుప ర్యాక్ 40, రెండో బ్యాటరీ 25, పెద్ద టైర్లు ఐదింటి అదనపు బరువు 30. అంటే ఒక్క సంచి కూడా వేయకముందే ఇంకో 260 కిలోలు పోయాయి. మిగిలింది 440. సరుకు మోయడానికి కొన్న బండి తన మార్పులనే మోసుకు తిరుగుతుంది.

"కమాన్ పట్టీ ఇంకోటి వేయిస్తే సరిపోతుంది కదా" అంటారు. వెనక భాగం కిందికి కుంగకుండా అది ఆపుతుంది, నిజమే. కానీ బండి అనుమతి బరువు దాంతో పెరగదు. యాక్సిల్, బేరింగులు, బ్రేకులు, ఛాసిస్, టైర్లు అన్నీ పాతవే. కమాన్ బదులు గాలి బ్యాగులు పెట్టించేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. కమాన్ పట్టీ రెండు చివర్లలో ఛాసిస్ మీద ఆని బరువును పంచుతుంది. గాలి బ్యాగు యాక్సిల్‌కు సరిగ్గా పైన ఒకేచోట ఛాసిస్‌ను పైకి నెడుతుంది. బరువంతా తొట్టి చివర వేసి గతుకుల్లో తిప్పితే అక్కడే ఛాసిస్ వంగిన బండ్లున్నాయి.

బరువు ఎక్కడ పెడతామన్నదీ పెద్ద విషయమే. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 3 మీటర్లు ఉన్న బండిలో వెనక యాక్సిల్‌కు ఒక మీటరు అవతల 200 కిలోలు పెడితే వెనక యాక్సిల్ మీద పడేది 267 కిలోలు. ఆ పైన ఉన్న 67 కిలోలు ముందు చక్రాల మీద నుంచి లేచిపోయినవి. స్టీరింగ్ తేలిపోయినట్టు అనిపించేది అందుకే. సరుకును క్యాబిన్ వైపు జరిపి కట్టుకోవడానికి పైసా ఖర్చు లేదు.

ఉన్నట్టే ఉంచి బాగు చేయించుకుంటే

ఈ దారిలో ఫొటోలో కనిపించేది ఏమీ ఉండదు. అందుకే జనం దీన్ని వాయిదా వేస్తారు. కానీ అదే డబ్బుకు బండి ఎంత మారుతుందో నడిపి చూస్తే తెలుస్తుంది. అరిగిపోయిన షాక్ అబ్జార్బర్లు, ఎండి పగిలిన బుష్‌లు మార్చిన రోజు, బండి గతుకులో దిగి ఒక్కసారి లేచి నిలబడిపోతుంది. ముందు రోజు వరకూ మూడుసార్లు ఊగేది. చాలామంది "సస్పెన్షన్ అప్‌గ్రేడ్ కావాలి" అనుకునేది నిజానికి కొత్త బండికి ఉన్న సస్పెన్షన్ మళ్లీ కావాలనే.

బ్రేకు ఆయిల్ సంగతి చూడండి. డాట్ 4 రకం కొత్తదైతే ప్రమాణం ప్రకారం కనీసం 230 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదు. అది గాల్లో తేమను పీల్చుకుంటుంది. తడిసిన ఆయిల్‌కు అదే ప్రమాణం అడిగేది కనీసం 155 మాత్రమే. నిండు లోడుతో పొడవాటి దిగుడు దిగుతున్నప్పుడు బ్రేకులు కాగి, లోపల ఆయిల్ మరిగి ఆవిరైతే పెడల్ మెత్తగా కిందికి పోతుంది. ఆయిల్ మార్చడానికి అయ్యేది చాలా తక్కువ. టైమింగ్ బెల్టు గడువు దాటితే, అది తెగిన రోజు చాలా ఇంజిన్లలో పిస్టన్లు, వాల్వులు గుద్దుకుంటాయి. ఇలాంటివి బాకీ ఉండగా లైట్ల బార్ కొనడమంటే పైన పటారం, లోన లొటారం.

టైర్లకే డబ్బుంటే, అదే సైజులో మట్టికీ తారుకూ పనికొచ్చే ఆల్ టెరైన్ రకం వేయించండి. నా దృష్టిలో మార్పుల్లో మొదటి స్థానం దీనిదే, ఎందుకంటే ఇది ఇంకే ఖర్చునూ వెంటబెట్టుకు రాదు. టైరు ఎంత బరువు మోయగలదో చెప్పే అంకె, లోడ్ ఇండెక్స్, పాతదాని కన్నా తగ్గకూడదు. టైరు పక్కన చిన్న పెట్టెలో నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. తక్కువ ధరకు వస్తున్న "కొత్త" టైరు మీద ఆ అంకెలు చూడకుండా డబ్బివ్వకండి. వీటితో పాటు ఒక మంచి గాలి మీటరు, చిన్న ఎయిర్ పంపు కొనుక్కోండి. ఇసుకలో కూరుకుపోయే బండి, టైర్లలో గాలి తగ్గించగానే చాలాసార్లు దానంతటదే బయటికి వస్తుంది. గాలి తగ్గితే టైరు నేలను పొడవుగా పట్టుకుంటుంది. గట్టి రోడ్డు ఎక్కగానే మళ్లీ నింపాలి, లేకపోతే టైరు కాగి పగులుతుంది.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఇరుక్కున్న బండిని ఎప్పుడూ టో బాల్‌కు, అంటే వెనక ట్రైలర్ తగిలించే ఇనుప గుండుకు, కట్టి లాగించకండి. కుదుపుకు ఆ ఇనుప గుండు విరిగి తుపాకీ గుండులా దూసుకొచ్చి మనుషుల ప్రాణాలు పోయాయి. ఛాసిస్‌కు బిగించిన సరైన హుక్కు లేకపోతే, బడ్జెట్‌లో మొదటి వరసలో దాన్నే రాసుకోండి.

మార్పు చేయించడమే సరైనదయ్యేది ఎప్పుడు?

పని పేరు చెప్పగలిగినప్పుడు. "వర్షంలో పనిముట్లు తడుస్తున్నాయి" అనేవాళ్లకు తొట్టి మీద టాపు రోజూ ఉపయోగపడుతుంది. "తొట్టి పెయింటు లేచి తుప్పు పడుతోంది" అంటే లైనర్ వేయించాల్సిందే. స్ప్రే చేసే రకం రేకుకు అంటుకుంటుంది. పైన కూర్చోబెట్టే ప్లాస్టిక్ రకం చవకే కానీ దాని కింద నీళ్లు, ఇసుక చేరి రేకును ఒరుస్తాయి. అప్పుడప్పుడూ తీసి కడగలేకపోతే దాన్ని వద్దనుకోవడమే మంచిది. రాళ్ల దారిలో రోజూ వెళ్లేవాళ్లకు ఇంజిన్ కింద ఇనుప ప్లేటు. వీటిలో ఏదీ స్టీరింగ్‌నూ బ్రేకునూ తాకదు.

రాత్రి వెలుతురు చాలనివాళ్లు ముందు మసకబారిన హెడ్‌లైటు అద్దాన్ని పాలిష్ చేయించి చూడండి. హాలోజెన్ బల్బు కోసం చేసిన లైటులో ఎల్‌ఈడీ బల్బు దూరిస్తే వెలుగు సరైన చోట కేంద్రీకరించక చెదిరిపోతుంది, ఎదుటివాడికి కళ్లు బైర్లు కమ్ముతాయి. విడిగా లైట్లు పెట్టిస్తే, ఎక్కువ కరెంటు స్విచ్చు గుండా పోకుండా చూసే రిలే ఉండాలి, ఫ్యూజు బ్యాటరీకి దగ్గరగా ఉండాలి. ఫ్యూజు దూరంగా ఉంటే దానికి ముందున్న వైరు ఎక్కడైనా ఒరిసి రేకుకు తగిలినప్పుడు ఆపేది ఏదీ ఉండదు. ఇంజిన్ ట్యూనింగ్, సౌండు కోసం సైలెన్సర్ మార్చడం తక్కువ బడ్జెట్‌కు పనికిరావు. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, పెరిగితే తర్వాత జారేది క్లచ్చే.

ఏం చేయించినా చట్టం ఒప్పుకుంటుందా, వారంటీ పోతుందా, ఇన్సూరెన్స్‌వాళ్లకు రాసి తెలియజేశామా అన్నవి ముందే చూసుకోవాలి. ప్రమాదం జరిగాక తెలిసే మార్పు క్లెయిమ్‌ను చిక్కుల్లో పడేస్తుంది.

అమ్మేసి ఇంకోటి కొనడం

టూ వీల్ డ్రైవ్ బండిని ఫోర్ వీల్ చేయాలనుకునేవాళ్లకు ఇదొక్కటే దారి. యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ కేసు, షాఫ్టులు, వైరింగ్ అన్నీ తెచ్చి అతికించే ఖర్చు కన్నా, అమ్మి తేడా కట్టి కొనుక్కోవడమే తేలిక. మార్పులకు పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు పూర్తిగా తిరిగి రాదు. అందువల్ల ఎవరో అన్నీ చేయించిన బండి కొంటే ఆ నష్టం వాళ్లది, లాభం మనది. అయితే ఆ బండి ఎలా వాడారన్నది కూడా మనకే వస్తుంది. కింద పడుకుని చూడండి: ఛాసిస్ మీద కొత్త వెల్డింగు, మెలిపెట్టి టేపు చుట్టిన వైర్లు, మడ్‌గార్డు లోపల టైరు రాసిన గీతలు. ఒకటి కనిపించినా మంచి మెకానిక్‌కు చూపించకుండా అడ్వాన్స్ ఇవ్వద్దు. ఇక ఏడాదికి ఒకట్రెండు సార్లే కొండదారి ఎక్కేవాళ్లు ఆ రెండు రోజులకు బండి అద్దెకు తీసుకుంటే సరిపోతుంది.

నా బండి విషయానికొస్తే, స్పేసర్లు తీయించి పాత ఎత్తుకే దించాను. మళ్లీ మార్పుల మాట రాగానే ముందు చేసిన పని, రోజూ వేసే సరుకు, ఎక్కే మనుషులు, నిండు ట్యాంకుతో వేబ్రిడ్జి మీదికి వెళ్లడం. మొదట మొత్తం బండి, తర్వాత ముందు చక్రాలు, ఆ తర్వాత వెనక చక్రాలు విడివిడిగా తూయించాను. మొత్తం అనుమతిలోనే ఉంది, వెనక యాక్సిల్ మాత్రం దాని పరిమితికి 40 కిలోల దూరంలో ఉంది. కొందామనుకున్న ఇనుప ర్యాక్ బరువు కూడా సరిగ్గా అంతే. ఆ డబ్బు పెట్టి షాక్‌లు, బుష్‌లు మార్పించాను.