మేకుల చెక్కలు కొనండి, కార్డులు దాచిపెట్టండి

ఆరు వారాలుగా మా మూడో తరగతిలో ఈ కిట్ వాడుతున్నాను. సంఖ్యల ప్యాటర్న్‌లను చేతిపనులతో నేర్పడానికి చేసినది. పెట్టెలో ఆరు గుండ్రటి చెక్కలు, రంగు దారాల ముక్కలు, వంద చదరపు బిళ్ళలు, ఇరవై నాలుగు కార్డులు ఉన్నాయి. చెక్కల కోసమైతే కళ్ళు మూసుకుని కొనొచ్చు. మిగతావాటి గురించి కాస్త చెప్పాలి.

ఒక్కో చెక్క అంచున వలయంగా పది మేకులు, వాటి పక్కన 0 నుంచి 9 వరకు అంకెలు. ఏదో ఒక ఎక్కం తీసుకుని, 0 దగ్గర దారం ముడివేసి, ప్రతి జవాబులోనూ ఒకట్ల స్థానంలో ఏ అంకె ఉంటే ఆ మేకు దగ్గరికి దారం లాగాలి. రెండో ఎక్కమైతే 2, 4, 6, 8, తర్వాత 10 కాబట్టి మళ్ళీ 0. ఐదు భుజాల బొమ్మ వస్తుంది. 12, 14, 16 అంటూ ఎంత దూరం వెళ్ళినా దారం పాత గీతల మీదే నడుస్తుంది. 1, 3, 5, 7, 9 మేకులు ఖాళీగా మిగిలిపోతాయి. రెండో ఎక్కంలో బేసి సంఖ్య రాదని నేను ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కని పిల్లలు, ఆ ఖాళీ మేకులు చూసి నాకే చెప్పారు.

నాలుగో ఎక్కం రోజు నాకు బాగా గుర్తుండిపోయింది. 4, 8, 2, 6, 0. ఐదు కొనల నక్షత్రం. పక్క బల్ల దగ్గర ఇంకో జట్టు ఆరో ఎక్కం వేస్తోంది. ఎక్కాలు అప్పజెప్పమంటే టెన్షన్‌తో గొంతు పెగలని ఒక అమ్మాయి లేచి వెళ్ళి, ఆ చెక్క తెచ్చి తన చెక్క పక్కన పెట్టుకుంది. కాసేపు రెండింటి మీదా వేలితో దారం వెంట వెళ్ళి చూసింది. "టీచర్, మా నక్షత్రాన్నే వాళ్ళు అటు నుంచి వేశారు" అంది. 6, 2, 8, 4, 0. నిజమే, వెనక నుంచి చదివితే వాళ్ళదే. కాసేపటికి తనే మళ్ళీ వచ్చి, "నాలుగూ ఆరూ కలిపితే పది కదా, అందుకా?" అని అడిగింది. అక్కడి నుంచి క్లాసంతా ముందే ఊహించడం మొదలుపెట్టింది: రెండుకు ఎనిమిది జత, మూడుకు ఏడు జత. ఐదో ఎక్కం 0కీ 5కీ మధ్య ఒకే గీత మీద అటూ ఇటూ తిరుగుతుందని దారం ముట్టుకోకుండానే చెప్పేశారు.

ఇంత మంచి వస్తువుకు దారాల దగ్గర పిసినారితనం చేశారు. మేకుల వలయం అడ్డంగా 16 సెంటీమీటర్లు. మూడో ఎక్కంలో ఒక్కో గీత దాదాపు 13 సెంటీమీటర్లు, పది గీతలకు 130. మేకు మేకుకూ వేసే చుట్టుకూ, ముడికీ ఇంకో ఇరవై కావాలి. వాళ్ళిచ్చిన ముక్కలు ఒక్కోటి మీటరే. 8 మేకు దాకా వచ్చేసరికి దారం అయిపోయింది. "మూడో ఎక్కం పద్దెనిమిదితో ఆగిపోయింది టీచర్" అని ఒక పిల్లవాడు నమ్మేశాడు. మీ దగ్గర ఊలు ఉండ ఉంటే అదే వాడండి.

కార్డుల మీద నాకు ఇంకా ఎక్కువ కోపం ఉంది. పూర్తయిన బొమ్మను కార్డు ముందు వైపే అచ్చేశారు. పిల్ల చేతులతో కనిపెట్టాల్సింది ముందే చూపిస్తే ఇంక అది చూచిరాతే. నేను వాటి మీద తెల్ల కాగితం అంటించాను. ఒక కార్డులో 2, 4, 8 తర్వాత ఏమిటని అడిగి, జవాబు 16 అని ఒక్కటే ఇచ్చారు. మా క్లాసులో ఒకడు 14 అన్నాడు. ఎందుకంటే ముందు 2 కలిసింది, తర్వాత 4 కలిసింది, ఇక 6 కలవాలి. వాడి దారీ సరైనదే. మూడు సంఖ్యలిచ్చి ఒకే జవాబు ఒప్పుకుంటే ఆలోచించిన పిల్లవాడికే తప్పు మార్కు పడుతుంది.

బిళ్ళలు బాగున్నాయి, అంచులు నున్నగా ఉన్నాయి. ఒక బిళ్ళ చుట్టూ మూలగా మూడు, దాని చుట్టూ ఐదు పేర్చితే 1, 4, 9 అని చదరాలు పెరగడం చక్కగా కనిపిస్తుంది. రెండు చెక్కల్లో మేకులు వదులయ్యాయి, గమ్ పెడితే సరిపోయింది.

వాడేవాళ్ళకు ఒక్క మాట. చెక్కకు ముగ్గురిని పెట్టండి: ఒకరు ఎక్కం చెప్పాలి, ఒకరు దారం లాగాలి, ఒకరు వచ్చిన అంకెలు వరసగా రాయాలి. ఆ రాసేవాళ్ళు లేకపోతే బొమ్మ మిగులుతుంది కానీ అంకెల వరస ఎవరికీ గుర్తుండదు.

పోయిన వారం పిల్లలు పన్నెండు మేకుల చెక్క కావాలన్నారు. కిట్‌లో లేదు. అట్టను గుండ్రంగా కోసి, అంచున 0 నుంచి 11 వరకు గాట్లు పెట్టుకున్నాం. ఇక్కడ ఒకట్ల స్థానం లెక్క పనిచేయదు, గాట్లు లెక్కపెట్టుకుంటూ దూకాలి. మూడేసి దూకితే చతురస్రం, నాలుగేసి దూకితే త్రిభుజం వచ్చాయి. ఐదేసి దూకితే పన్నెండు గాట్లూ తాకి పెద్ద నక్షత్రం అయింది. ఏడు ఇంకా వేయలేదు. అదీ ఐదు నక్షత్రమే అవుతుందని సగం క్లాసు, కాదని సగం క్లాసు, పేర్లు రాసి బోర్డు మీద పెట్టారు.