తలకు ఎంత, జేబుకు ఎంత: హైదరాబాదులో మూడు సెలూన్ల బిల్లులు

గడిచిన మూడు నెలల్లో నేను మూడు వేర్వేరు చోట్ల జుట్టు కత్తిరించుకున్నాను. తల ఒకటే, నడినెత్తిన పలచబడుతున్న జుట్టూ అదే, అడిగిన పని కూడా ఒకటే: పక్కలు, వెనక పొట్టిగా, పైన దువ్వెనకు అందేంత, గడ్డం సమంగా. మొదటి చోట 230 రూపాయలు, రెండో చోట 650, మూడో చోట 1,890 అయింది. ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే ఈ మూడింటికీ ఉన్న తేడా మాత్రం ఆ అంకెలకు ఉన్నంత లేదు. తెలుగులో జేబుకు క్షవరమైందనే మాట ఊరికే పుట్టలేదు కాబట్టి, ఆ డబ్బు ఎక్కడెక్కడికి పోయిందో లెక్క తీసి ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదటిది నాచారంలో మా వీధి మలుపున ఉన్న షాపు. మూడు కుర్చీలు, ఎదురెదురుగా రెండు పెద్ద అద్దాలు, గోడ మీద దేవుడి పటం, దాని పక్కనే నాయీ బ్రాహ్మణ సంఘం వారు అచ్చువేయించి ఇచ్చిన ధరల పట్టిక. కటింగ్ 150, షేవింగ్ 80, గడ్డం ట్రిమ్మింగ్ 80, పిల్లల కటింగ్ 120, తలకు నూనె మర్దన 100, జుట్టుకు రంగు 250. రంగు ప్యాకెట్టు మనమే తెచ్చుకుంటే వేసినందుకు 120. ఆ పట్టికలో లేనిది ఆ షాపులో లేదు, ఉన్నదానికి అందులో రాసిన దానికంటే ఒక్క రూపాయి ఎక్కువ అడగరు. కూర్చోబోయే ముందే లేచేటప్పుడు ఎంత ఇవ్వాలో తెలియడం చిన్న సౌకర్యంగా కనిపిస్తుంది కానీ, మిగిలిన రెండు చోట్లా నాకు కరువైంది సరిగ్గా అదే.

పని సంగతికి వస్తే, యాభై ఏళ్లు దాటిన ఆ యజమాని పనితనం ముందు మిగతా ఇద్దరూ దిగదుడుపే. మెడ చుట్టూ పలచని కాగితపు పట్టీ, దాని మీద గుడ్డ కట్టి, నీళ్లు పిచికారీ చేసి, దువ్వెన మీదుగా కత్తెర నడిపిస్తారు. ఆ కత్తెర వెంట్రుకలు లేని చోట గాలిలో కూడా టకటకలాడుతూనే ఉంటుంది. దువ్వెన తలను తాకిన ప్రతిసారీ అది ముందే లయలో ఉండి అందుకుంటుంది. మిషన్ వాడేది మెడ వెనక, చెవుల పైన మాత్రమే. చివరకు కొత్త బ్లేడును కాగితంలో ఉండగానే సగానికి విరిచి, ఒక సగాన్ని కత్తిలో బిగించి, చెవుల వెనక, మెడ వంపున గీత తీసి, తడిపిన పటిక ముక్క రుద్దుతారు. ఇదంతా ఇరవై అయిదు నిమిషాల పని. కాగితం విప్పడం మన కళ్ల ముందే జరగాలి, జరగకపోతే అడగాలి. హెపటైటిస్ బి, సి వంటివి పాత బ్లేడు గాటు ద్వారా అంటుకునే ప్రమాదం ఉన్నప్పుడు, అయిదు రూపాయలు కూడా చేయని బ్లేడు దగ్గర మొహమాటపడటం తెలివైన పని కాదు.

ఇంత తక్కువకు ఎలా గిట్టుబాటు అవుతుందని ఒకసారి ఆయన్నే అడిగాను. షాపు చిన్నది, అద్దె తక్కువ, ఒక కుర్చీ తనది, ఒకటి కొడుకుది, మూడోదాంట్లో పనిచేసే మనిషికి వచ్చిన దాంట్లో సగం. కరెంటు భారం కూడా లేదు, ఎందుకంటే తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి నాయీ బ్రాహ్మణుల సెలూన్లకు నెలకు 250 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇస్తున్నారు. ఫ్యాన్లకు, ట్యూబులైట్లకు, ట్రిమ్మర్ల చార్జింగుకు ఆ యూనిట్లు ధారాళంగా సరిపోతాయి. ఏసీ పెడితే లెక్క మారిపోతుంది: టన్నున్నర ఏసీ గంటకు సుమారు యూనిట్టున్నర తాగుతుందనుకున్నా, రోజుకు పది గంటలు నడిస్తే 250 యూనిట్లు పదిహేడు రోజులకే అయిపోతాయి. మే నెలలో ఆ షాపులో కూర్చుని చెమటలు కక్కుతున్నప్పుడు నేను ఈ గణితాన్ని గుర్తు చేసుకుని ఓర్చుకుంటాను.

లోపాలు లేవని కాదు. ఆదివారం పొద్దున వెళితే గంటన్నర నిరీక్షణ, మంగళవారం సెలవు, కాబట్టి ఉద్యోగస్తులకు మిగిలేది వారం మధ్యలో రాత్రి ఎనిమిది తర్వాతే. దువ్వెనలు ఒక తల నుంచి ఇంకో తలకు తుడుపుతో సరిపెట్టుకుని వెళ్లిపోతాయి. నేను నా దువ్వెన జేబులో పెట్టుకుని వెళతాను, ఆయన ఏమీ అనుకోరు. మర్దన ఆఖరున తల పట్టుకుని మెడ పక్కకు విరిచే అలవాటు అన్ని షాపుల్లోలాగే ఇక్కడా ఉంది. ఆ కుదుపుకు మెడలోని రక్తనాళం దెబ్బతినే ప్రమాదం ఉందని వైద్యులు హెచ్చరిస్తున్నారు కనుక, నూనె రాయబోతుండగానే మెడ జోలికి రావద్దని చెప్పేస్తాను. ఇక ఫేడ్ (కింద బాగా పొట్టిగా మొదలై పైకి పోయేకొద్దీ మెట్లు కనిపించకుండా పెరిగే కటింగ్) వంటి కొత్త తరహా కటింగులు ఈయనకు అంతగా రావు. మా అబ్బాయి అలా చేయించుకుని వచ్చిన రోజు గిన్నె బోర్లించి గీసినట్టుంది.

ఈ సందర్భంలో ఒక పాత మాట. నల్గొండ జిల్లాలో మా తాతగారి ఊళ్లో క్షవరానికి ధరంటూ ఉండేది కాదు. పంట కల్లానికి వచ్చినప్పుడు ఇంటికింత అని ధాన్యం కొలిచి ఇచ్చేవారు, దాన్నే మేర అనేవారు. ఏడాది పొడవునా ఇంట్లో ఎన్ని తలలున్నా, ఎన్ని గడ్డాలు గీసినా అదే కొలత. పంట పోయిన ఏడు క్షవరం చేసే ఆయన కొలతా పోయేది. నూటయాభై రూపాయలు ఎక్కువని గొణిగే పెద్దవాళ్లను చూసినప్పుడు నాకు ఆ కల్లం గుర్తుకు వస్తుంది.

రెండోది హబ్సిగూడ వైపు మెయిన్ రోడ్డు మీద ఉన్న ఏసీ సెలూన్. అద్దాల తలుపు, వెనక్కి వాలే కుర్చీలు, పని చేసేవాళ్లంతా పాతికేళ్ల లోపు కుర్రాళ్లు. కటింగ్ 220, గడ్డం 130 అని అడిగితే చెప్పారు, గోడ మీద పట్టిక మాత్రం లేదు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఆరేళ్లుగా ఇక్కడే ఉంటున్న ఒక కుర్రాడు నాకు కటింగ్ చేశాడు. మిషన్ దువ్వెనలు మార్చి మార్చి, కింద సున్నా నుంచి పైకి మెట్లు కనిపించకుండా జుట్టు కలపడంలో అతని చేయి తిరిగింది; ఫేడ్ కావాలనుకునే కుర్రకారుకు ఈ స్థాయి షాపే సరైనది, 250 నుంచి 300 దాకా ఇవ్వడంలో తప్పు లేదు. పైభాగం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తొందరపడ్డాడు, పలచబడిన చోట కత్తెర లోతుకు దిగింది.

అసలు సంగతి కటింగ్ అయ్యాక మొదలైంది. చెంప మీద వేలు పెట్టి చూసి, "సార్, ఫేస్ చాలా డల్ అయిపోయింది, చిన్న మసాజ్ చేస్తా" అన్నాడు. అద్దంలో చూసుకుంటే నిజంగానే డల్‌గా ఉంది. తెల్లటి లైటు కింద, నల్లటి గుడ్డ మీద, తడి జుట్టుతో ఎవరి ముఖం మాత్రం కళకళలాడుతుంది? నేను అడ్డు చెప్పేలోపే క్రీము రాసేశాడు. పావుగంట మర్దనకు 300 వేశారు. అతని మీద నాకు కోపం లేదు, ఎందుకంటే అక్కడి కుర్రాళ్లకు జీతం నామమాత్రమే, మిగతాదంతా చేసిన పని మీద కమీషను. కటింగులో వచ్చే వాటా కంటే మసాజులో వచ్చే వాటా ఎక్కువైనప్పుడు ఎవరైనా ముఖాల్లో డల్‌నెస్ వెతుకుతారు. కానీ ఎంతవుతుందో చెప్పకుండా క్రీము రాయడం మాత్రం సమర్థించదగినది కాదు.

మూడోది ఒక మాల్‌లో ఉన్న పేరున్న చెయిన్ సెలూన్ శాఖ. కటింగ్ 600, గడ్డం తీర్చిదిద్దడం 300 అని ధరల పుస్తకంలోనే ఉంది, ఆ రెండింటికే నేను సిద్ధపడి వెళ్లాను. ముందు తల కడగాలన్నారు. కటింగులో భాగమేమో అనుకున్నాను, 200 అని బిల్లులో చూశాక తెలిసింది. ఆ తర్వాత ఎండకు నల్లబడిన చర్మానికి డీటాన్ అని ముఖానికి ఒక లేపనం పట్టించారు, ధర అడిగితే "ఆఫర్‌లో ఉంది సార్" అన్నారు, ఆ ఆఫర్ 700. మొత్తం 1,800, దాని మీద అయిదు శాతం జీఎస్టీ 90, వెరసి 1,890. అంటే నేను చెల్లించిన దాంట్లో సరిగ్గా సగం నేను అడగని పనికి పోయింది. కటింగ్ బాగుంది, కాదనను. తలను నాలుగు భాగాలుగా విడదీసి, క్లిప్పులు పెట్టి, నలభై నిమిషాలు ఓపికగా చేశారు, నడినెత్తి పలచదనం బయటపడకుండా పైజుట్టు పొడవు నిలబెట్టారు. అయితే మా వీధి షాపులో చేసిన దానికంటే నాలుగు రెట్లు బాగుందా అంటే, వారం తిరగ్గానే నా భార్యకే తేడా తెలియలేదు.

పన్ను గురించి ఒక మాట చెప్పుకోవాలి. సెలూన్ సేవల మీద అంతకుముందు 18 శాతం ఉన్న జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గింది. 600 రూపాయల కటింగు అప్పట్లో 708 అయ్యేది, ఇప్పుడు 630 కావాలి. కాకపోతే ఈ అయిదు శాతం పద్ధతిలో షాపువారు అద్దె మీద, క్రీములు, షాంపూల మీద తాము కట్టిన పన్నును మినహాయించుకోలేరు. ఆ భారాన్ని అసలు ధరలో కలిపేస్తే తగ్గింపు మనదాకా రాదు. పన్ను కలిపే ధర రాసే షాపుల్లో పాత అంకెలే కొనసాగుతున్నాయేమో గమనించుకోవాలి. మా వీధి షాపు వంటి వాటికి ఈ గొడవే లేదు, ఏడాది రాబడి 20 లక్షలు దాటని సేవలకు రిజిస్ట్రేషనే అక్కర్లేదు కనుక. పన్ను వేసే బిల్లు మీద జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడటం మన హక్కు.

మాల్ సెలూన్‌కు నేను మళ్లీ వెళ్లే పని ఏదైనా ఉందంటే అది జుట్టుకు రంగు వేయించుకోవడానికే. చవక నల్ల రంగు పొడుల్లోనూ, చాలా క్రీము రంగుల్లోనూ పీపీడీ అనే రసాయనం ఉంటుంది, అది పడని వారికి నుదురు, కనురెప్పలు వాచిపోతాయి. వేసుకునే 48 గంటల ముందు మోచేతి మడతలోనో చెవి వెనకో కొద్దిగా రాసి చూసుకోమని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది, 250 రూపాయల రంగు దగ్గర దాన్ని ఎవరూ పాటించరు. మాల్‌లో అడగ్గానే రెండు రోజుల ముందే పిలిచి రాసి పంపారు, వేసే రోజున సీలున్న ట్యూబు నా ముందే తెరిచారు. అందుకు 1,200 చెప్పారు. నాలాగా ఒకసారి దురదలు వచ్చినవాడికి ఆ తేడా ఇవ్వదగినదే. రంగు పడేవారు మాత్రం ప్యాకెట్టు కొనుక్కుని వీధి షాపుకే వెళ్లవచ్చు.

హైదరాబాదు దాటితే ధరలు దిగుతాయి. మా మండల కేంద్రంలో ఇప్పటికీ కటింగ్ 100, షేవింగ్ 50. ఇంటికి వచ్చి చేసే పనికి, అంటే మంచం పట్టిన పెద్దవారికో పసిపిల్లలకో, మా షాపు యజమాని 300 తీసుకుంటారు, నాన్నగారికి నెలకోసారి ఆయనే వస్తారు. పెళ్లికొడుకు ప్యాకేజీల జోలికి నేను పోలేదు, అవి వేలల్లో మాట. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కొడుకు కటింగ్‌కు 25 డాలర్లు, పైన టిప్పు 5 డాలర్లు ఇచ్చి, ఆ టిప్పు ఐచ్ఛికమని పేరుకే అంటారని వాపోతాడు. సెలవులకు దిగిన మర్నాడే నాతో మా వీధి షాపుకు బయలుదేరుతాడు.

మాల్ తర్వాతి నెల నేను తిరిగి మా వీధి షాపుకే వెళ్లాను. యజమాని గుడ్డ కట్టి, నడినెత్తిన దువ్వెన ఆడించి, "ఎవరు చేశారు సార్ ఇది?" అన్నారు. ఈ వృత్తిలో ఉన్న ఎవరూ ముందటి చేతి పనిని మెచ్చుకోగా నేను వినలేదు, అయినా సిగ్గుపడి ఊరుకున్నాను. ఆ రోజు మూడో కుర్చీలోని మనిషి కూడా గడ్డం దగ్గర చేయి వేశాడు. డబ్బు ఫోనులో కొట్టగానే గోడ మీది డబ్బా రెండు వందల ముప్పై రూపాయలు వచ్చాయని షాపంతా వినేలా చెప్పింది. టిప్పు కూడా అందులోనే కలిపి కొడితే అది యజమాని ఖాతాలోకి పోతుంది కనుక, అతనికి ఇవ్వదలచుకున్న ఇరవై నోటు నేను చేతికే ఇచ్చాను.